తారీఖు ఉన్న డబ్బు

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, జీతంలో మిగిలింది ఎక్కడ పెట్టమంటారని అడుగుతుంటారు. జీవితమంతా ఖజానాలో పనిచేసినవాడికి డబ్బు సంగతులు తెలిసి ఉంటాయని వాళ్ల నమ్మకం. నిజానికి ఖజానాలో మేము చూసేది డబ్బును కాదు, బిల్లులను. జీతాల బిల్లు, పింఛను బిల్లు, కరెంటు బిల్లు. సంతకం ఉందా, ముద్ర ఉందా, పద్దు సరిగా వేశారా అని చూస్తాం. బాగుంటే పాస్ చేస్తాం, లేకపోతే అభ్యంతరం రాసి వెనక్కి పంపుతాం. ఆ తర్వాత డబ్బు ఎప్పుడు వస్తుందో పైవాళ్లకు తెలియాలి. అందుకని పిల్లలకు నేను సలహా ఇవ్వను. మా ఆఫీసులో జరిగిన ఒక సంగతి చెబుతాను. దాంట్లోంచి ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు. ఏమీ తీసుకోనివాళ్లూ ఉన్నారు.

అప్పుడు నేను తొర్రూరులో సబ్ ట్రెజరీ అధికారిని. జనగామలో గుమాస్తాగా మొదలై, అటూ ఇటూ తిరిగి అక్కడికి చేరాను. ఆ తర్వాత భూపాలపల్లిలో రిటైరయ్యాను. తొర్రూరు ఆఫీసు చిన్నదే గానీ రద్దీ ఎక్కువ. చుట్టుపక్కల మండలాల టీచర్లు, పింఛనుదార్లు పొద్దున్నే వచ్చి వరండాలో కూర్చునేవారు. బస్సులు సరిగా లేని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు మా దగ్గర పని పూర్తయ్యేసరికి రోజు గడిచిపోయేది.

ఆ రోజుల్లో రూపాయి పడిపోతోంది. ఇది ఎప్పుడూ వినే మాటే అయినా ఆ ఏడాది మరీ ఎక్కువగా వినిపించింది. బస్టాండు దగ్గర టీ కొట్టులో పత్తి రేటు తర్వాత డాలరు రేటు గురించి మాట్లాడుకునేవారు. డాలరును కళ్లతో చూడనివాళ్లు కూడా "ఇయ్యాల మల్ల పెరిగిందట" అని దిగులుపడేవారు.

అలాంటి ఒక రోజు రిటైర్డ్ హెడ్మాస్టరు ఒకాయన కౌంటరు దగ్గరకు వచ్చి, "సార్, నాకొక ట్రెజరీ బిల్లు గావాలె" అన్నారు.

"ఏం బిల్లు సార్? మెడికల్ బిల్లా, పింఛను బకాయిలా?" అని కౌంటర్లో ఉన్న ఉద్యోగి అడిగాడు.

"గవి గావు. కొనుక్కునే బిల్లు. రూపాయి పడిపోతాంది గద, పైసలు సర్కారు దగ్గర పెట్టుకుంటే మంచిదని ఫోన్ల చెప్తాన్రు."

ఆఫీసంతా నవ్వింది. "బిల్లులు కొంటరా సార్? గా అలమారి నిండ ఉన్నయి, మోసుకపోండ్రి" అని ఎవరో అన్నారు. నేను కూడా నవ్వాపుకుంటూ ఆయనను నా గదిలోకి పిలిచి, ఇక్కడ బిల్లులు అమ్మరని, ఎవరో మోసగాళ్లు చెప్పి ఉంటారని మర్యాదగా చెప్పాను.

అప్పుడు మా జూనియర్ అకౌంటెంటు లోపలికి వచ్చాడు. చిట్యాల దగ్గర పత్తి పండించే ఇంటినుంచి వచ్చిన కుర్రాడు. అందరూ అతన్ని చిట్యాల తమ్ముడనే పిలిచేవారు. షేర్లంటే అతనికి పిచ్చి. ప్రభుత్వ ఉద్యోగి షేర్లు కొనుక్కోవచ్చు గానీ, పొద్దున కొని సాయంత్రం అమ్మే ఆట ఆడకూడదని నిబంధన. అతను దాన్ని దాటేవాడు కాదు. కొని పెట్టుకునేవాడు, కొన్నదాని గురించి రోజంతా మాట్లాడేవాడు.

"సార్, పెద్దసారు చెప్పేది నిజమే" అన్నాడు. "ట్రెజరీ బిల్లులని ఉన్నయి. ఢిల్లీ సర్కారుకు పైసలు తక్కువ పడితే మూడు నెలలకో ఆర్నెల్లకో ఏడాదికో జనం దగ్గర తీసుకుంటది. నూరు రూపాయల బిల్లు జర తక్కువకు అమ్ముతది, తారీఖు వచ్చిన్నాడు నూరుకు నూరు ఇస్తది. గా మధ్యల ఉన్నదే మన లాభం. ఇంట్ల కూసోని ఫోన్లనే కొనుక్కోవచ్చు."

హెడ్మాస్టరు నా వైపు తిరిగారు. "మరి మీరు బోర్డు మీద ట్రెజరీ అని ఎందుకు రాసుకున్నరు సార్?"

నేను టీ తెప్పించాను. ఆయన టీ తాగి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం నేను ఇంట్లో కూర్చుని ట్రెజరీ బిల్లుల గురించి చదివాను. చిట్యాల తమ్ముడు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. తారీఖు చెప్పి, ఆ తారీఖున డబ్బిచ్చే బిల్లు ఉంటుందన్న సంగతే నాకు వింతగా తోచింది. మా బిల్లులకు టోకెన్ నంబరు ఉంటుంది గానీ తారీఖు ఉండదు.

మర్నాడు మా సీనియర్ అకౌంటెంటు మేడం నా గదికి వచ్చారు. ఆమె గురించి కొంచెం చెప్పాలి. రోజూ జనగామ నుంచి బస్సులో వచ్చేవారు. పాలకుర్తి దారిలో ఎన్ని గుంతలున్నాయో ఆమెకు తెలిసినంతగా డ్రైవర్లకు కూడా తెలియదు. భర్త ప్రైవేటు కాలేజీలో లెక్చరరుగా పనిచేస్తూ గుండెనొప్పితో పోయారు. ఒక్కతే కూతురు. ఇక్కడ మెడిసిన్ సీటు కొద్దిలో తప్పిపోతే, ఆ పిల్లను మధ్య ఆసియాలో ఒక చిన్న దేశానికి డాక్టరు చదువుకు పంపారు. మా ప్రాంతంలో చాలామంది నెలజీతాలవాళ్ల పిల్లలు అలాగే వెళుతున్నారు. ఇక్కడి ప్రైవేటు కాలేజీ ఫీజు కట్టలేనివాళ్లకు అది దారి. కాకపోతే అక్కడి ఫీజు డాలర్లలో కట్టాలి.

"సార్, నిన్న గా బిల్లుల ముచ్చట విన్న. నాకు పనికొస్తదా?" అని అడిగారు.

భర్త పోయినప్పుడు వచ్చిన బీమా డబ్బు, ఆయన దాచింది, ఆమె దాచింది కలిపి కూతురి చదువుకని విడిగా పెట్టారు. లెక్క వేసుకుని మొదలుపెట్టిన చదువే. ఆ లెక్క మొదటి ఏడాదే తప్పింది.

"కాలేజోళ్లు ఒక్క డాలరు పెంచలే సార్. గని కట్టినప్పుడల్ల ఫీజు పెరుగుతనే ఉన్నది. ఎవర్ని తిట్టాల్నో సుత తెల్వది" అన్నారు.

నేను ట్రెజరీ బిల్లు మంచిదే అన్నాను. ఫీజు కట్టాల్సిన నెలకు ముందు తారీఖు పడేటట్టు కొనుక్కుంటే నిశ్చింతగా ఉండవచ్చన్నాను. ముందురోజు రాత్రి చదువుకున్న చదువు కనుక కొంచెం ఎక్కువ ధీమాగానే చెప్పి ఉంటాను.

చిట్యాల తమ్ముడు ఒప్పుకోలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర అతను ఆమె ఎదుట కూర్చుని వాదించాడు.

"అక్కా, సార్ చెప్పింది భద్రమే. గని గది రూపాయి బిల్లు. నువ్వు కట్టేది డాలర్ల. రూపాయి పడితే నీకు లాభం వచ్చే జాగల పెట్టాలె. మన దగ్గర మందులు తయారుచేసి విదేశాలకు అమ్మే కంపెనీలున్నయి. వాళ్లకు డాలర్లొస్తయి. రూపాయి పడ్డకొద్ది వాళ్ల లాభం పెరుగుతది, షేరు లేస్తది. నీ ఫీజు ఎంత పెరిగితే గిదీ అంత పెరుగుతది."

"పడిపోదా తమ్మీ?"

"పడ్తది. మల్ల లేస్తది. ఓపిక ఉండాలె."

ఇద్దరి మాటా వినడం ఆమె పద్ధతి. ఆఫీసులో కూడా అంతే. బిల్లు తెచ్చినవాడి మాట వినేవారు, నిబంధన చూసేవారు, ఆ తర్వాత సంతకం పెట్టేవారు. డబ్బును రెండు భాగాలు చేశారు. సగంతో ట్రెజరీ బిల్లులు కొన్నారు. సగంతో చిట్యాల తమ్ముడు చెప్పిన మందుల కంపెనీ షేర్లు కొన్నారు. అతని సొంత డబ్బు కూడా చాలావరకు ఆ కంపెనీలోనే ఉంది. తాను తినని కూర వడ్డించే మనిషి కాదు.

కొన్ని నెలలు ఆఫీసులో సందడిగా గడిచింది. షేరు నెమ్మదిగా పెరిగింది. డాలరు కూడా పెరిగింది. చిట్యాల తమ్ముడు పొద్దున్నే మేడం టేబుల్ దగ్గర ఆగి, "అక్కా, ఇయ్యాల మనది లేసింది" అని చెప్పి వెళ్లేవాడు. ఆమె తలూపేవారు. అప్పటిదాకా ఫోన్‌ను కూతురితో మాట్లాడటానికి మాత్రమే వాడిన మనిషి ఇప్పుడు బిల్లుకూ బిల్లుకూ మధ్య డాలరు ఎంతుందో చూసుకునేవారు. అది నేను గమనించాను. వయసు మీద పడుతున్నట్టు ముఖంలో కనిపించేది.

ఇక ఆ రోజు సంగతి. నెలాఖరు. జీతాల బిల్లులన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి. వరండాలో జనం. అంతకు ముందు వారమే మేడం ట్రెజరీ బిల్లులకు తారీఖు వచ్చింది. చెప్పిన రోజున, చెప్పినంత డబ్బు, ఒక్క రూపాయి అటూ ఇటూ కాకుండా ఆమె ఖాతాలో పడింది. నాకు లోలోపల గర్వంగా అనిపించింది. దాంట్లో నా ప్రయోజకత్వం ఏమీ లేకపోయినా.

ఆ వారంలోనే రూపాయి అంతకు ముందెన్నడూ లేనంతగా పడింది. పేపర్లో వేసిన రేటు ఒకటి, బ్యాంకు కౌంటర్లో చెప్పే రేటు మరొకటి. డాలర్లు కొనేవాళ్లకు బ్యాంకు తన లాభం కలుపుకుని చెబుతుంది. మేడం బ్యాంకుకు వెళ్లి అడిగి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ట్రెజరీ బిల్లుల డబ్బు అంతా వేసినా ఆ విడత ఫీజుకు చాలడం లేదు. సర్కారు మాట తప్పలేదు. ఇచ్చిన రూపాయలే చిన్నవైపోయాయి.

"ఏం ఫికర్ లేదు అక్కా, తక్కువ పడ్డదానికి షేర్లు జరన్ని అమ్ముదాం" అని చిట్యాల తమ్ముడు ఫోన్ తీశాడు.

తీసి చూసి, చటుక్కున లేచి నిలబడ్డాడు. నేను తలెత్తి చూశాను. ఆ కంపెనీ ఫ్యాక్టరీని విదేశీ తనిఖీవాళ్లు చూసి తప్పులు పట్టారట. అవి సరిచేసేదాకా అక్కడి మందులు తమ దేశానికి రానివ్వబోమని చెప్పారట. పొద్దున్న మార్కెట్ తెరవగానే షేరు కుప్పకూలింది. మేము బిల్లుల హడావుడిలో చూసుకోలేదు. మధ్యాహ్నానికి ఇంకా కిందికి పోయింది. ఆమె కొన్న ధర కంటే చాలా కింద ఉంది.

"ఇయ్యాల అమ్మకు అక్కా" అన్నాడు. "అందరు భయపడి అమ్ముతాన్రు. గిప్పుడు అమ్మితే నిండా మునుగుతం. కంపెనీ మంచిది. తప్పులు సరిచేసుకుంటరు. రెండు మూడు నెలలు ఆగు."

"కాలేజోళ్లు రెండు మూడు నెలలు ఆగుతరా తమ్మీ?"

అతను ఫోన్ టేబుల్ మీద పెట్టాడు.

"సోమవారం వరకు ఫీజు ముట్టాలె. లేకపోతే పరీక్షకు కూసోనియ్యరు. ఎప్పుడు అమ్మితే పైసలు నా చేతికొస్తయి?"

"ఇయ్యాల అమ్మితే రేపు సాయంత్రం వరకు ఖాతాల పడ్తయి. ఎల్లుండి బ్యాంకుకు పోయి పంపొచ్చు."

"రేపు అమ్మితే?"

"శనివారం, ఆదివారం అడ్డమొస్తయి అక్కా."

మార్కెట్ మూడున్నరకు మూస్తారు. అప్పటికి భోజనాల వేళ దాటింది. నేను కలగజేసుకుని, ఆఫీసులో తలా కొంత వేసుకుని సర్దుదామన్నాను. ఆమె నా మాట పూర్తికానివ్వలేదు. "వద్దు సార్. ఉన్నదాన్ని పెట్టుకుని అడుక్కునుడు నాకు రాదు" అన్నారు.

అప్పుడే కూతురు ఫోన్ చేసింది. మేడం లేచి వరండా చివరకు వెళ్లారు. నా గది కిటికీ అటే ఉంటుంది. వినాలని వినలేదు గానీ వినపడింది. ఆ పిల్ల కూడా అక్కడ డాలరు రేటు చూస్తూనే ఉన్నట్టుంది. చదువు ఆపేసి వచ్చేస్తానంటోందని తల్లి మాటల్ని బట్టి తెలిసింది.

"ఇంటికొచ్చి ఏం జేస్తవ్ బిడ్డా?... చెప్పు, ఏం జేస్తవ్?... ఆగు, నేను చెప్పేది విను. మొదటి ఏడాది పీనుగను చూసి కండ్లు తిరిగి పడ్డనన్నవ్. మర్నాడు మల్ల పోయి నిలబడ్డవ్ గద. పీనుగకు భయపడనిదానివి, డాలరుకు భయపడుతవా?... ఫీజు నాది. సదువు నీది. నీ పని నువ్వు చూసుకో, నా పనిల జొరబడకు."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగారు. పింఛను కోసం వచ్చిన ఒక అవ్వ ఆమె చేయి పట్టుకుని, "నాది అయిందా బిడ్డా?" అని అడిగింది. మేడం ఆమెను లోపలికి తీసుకొచ్చి, కాగితం చూసి, ఎక్కడ వేలిముద్ర వేయాలో చూపించి పంపారు. ఆ తర్వాత చిట్యాల తమ్ముడి దగ్గరకు వెళ్లారు.

"అమ్ముడెట్లనో చూపియ్యి."

"ఎన్ని అక్కా?"

"అన్ని."

"అన్ని ఎందుకు? తక్కువ పడ్డదానికి జరన్ని అమ్మితే చాలు గద!"

"మిగిలినయి పెట్టుకుని వచ్చే విడత దాంక రోజూ గిట్ల చూస్త కూసోవాల్నా? నాతోని గాదు."

అతను చూపించాడు. ఆమె తన వేలితోనే నొక్కారు. అతను గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అంత తక్కువ ధరకు అమ్మడాన్ని చూడలేకపోయాడని నాకు అనిపించింది. పశువుల సంతలో ఎద్దును అమ్ముకున్నవాళ్లు కొందరు అలాగే నిలబడతారు.

డబ్బు మర్నాడు వచ్చింది. ఆ మర్నాడు ఆమె సెలవు పెట్టి బ్యాంకుకు వెళ్లారు. సోమవారానికల్లా ఫీజు చేరింది. పిల్ల పరీక్షకు కూర్చుంది. కానీ చదువు ఇంకా సగమే అయింది. మిగిలిన డబ్బు ఒక విడతకు కూడా చాలేటట్టు లేదు.

చిట్యాల తమ్ముడు ఒక ఆదివారం బండి మీద జనగామకు, ఆమె ఇంటికి వెళ్లాడట. క్షమించమని అడగడానికి వెళ్లాడు. ఆమె అన్నం పెట్టి, తిన్నాక, "తమ్మీ, మా ఆయన కొన్న ప్లాటున్నది. హైదరాబాదు రోడ్డు దిక్కు. ఎవరన్న కొనేటోళ్లుంటే చెప్పు" అన్నారట. సోమవారం అతను ఆఫీసుకు వచ్చి నాకు ఆ సంగతి చెప్పినప్పుడు ముఖం పాలిపోయి ఉంది.

మా వైపు ప్లాటు అమ్ముకోవడమంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పడం కష్టం. జనగామ జిల్లా అయ్యాక చెలకలు, అంటే మెట్ట పొలాలు, అన్నీ ప్లాట్లయ్యాయి. నెలజీతం మనిషికి అదే షేరు, అదే బంగారం. అవసరం వస్తే బంగారం తాకట్టు పెడతారు, ప్లాటు జోలికి పోరు. ఆఫీసంతా ఆమెకు అడ్డుపడింది. నేనూ పడ్డాను.

"అమ్మి ఏం చేస్తారు మేడం? మళ్లీ బ్యాంకులోనే కదా పెట్టేది?" అన్నాను.

"లేదు సార్. మిగిలిన చదువు ఫీజంత ఒక్కసారే కట్టేస్త. కాలేజోళ్లను అడిగిన. ఇప్పటి ఫీజే తీసుకుంటమన్నరు, మల్ల పెంచము అన్నరు."

"కాలేజీ ఎత్తేస్తే?" అని చిట్యాల తమ్ముడు అడిగాడు.

"ఎత్తేయొచ్చు. అక్కడ చదివొచ్చిన పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను అడిగి చూసిన. ఏండ్ల సంది నడుస్తాంది అన్నరు. గంతకంటె ఎక్కువ ఎవరు చెప్తరు?"

"గని అక్కా, డాలరు గిప్పుడు అన్నిటికంటె ఎక్కువ రేటు మీదున్నది. గిప్పుడే కొనుడు తప్పు. జర దిగినంక..."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నెలల్లో ఆమె నవ్వడం నేను చూసింది అదొక్కసారే. "తమ్మీ, నీ షేరుకు డాలరు తెలుసు, తారీఖు తెల్వది. సార్ బిల్లుకు తారీఖు తెలుసు, డాలరు తెల్వది. నా ఫీజుకు రెండు కావాలె. మీ ఇద్దరి మీద నాకు కోపం లేదు. నా అవసరం మీరు చెప్పిన రెంటికీ కుదర్లే, గంతే."

ప్లాటు అమ్మేశారు. ఫీజంతా కట్టేశారు. ఆ తర్వాత ఆమె ఫోన్‌లో డాలరు రేటు చూడటం నేను చూడలేదు.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఆమె కట్టిన తర్వాత ఏడాది దాకా డాలరు పెద్దగా కదలలేదు. మధ్యలో కొంచెం దిగింది కూడా. ఆమె అమ్మిన ప్లాటు దగ్గర కొత్త రోడ్డు వస్తుందన్న మాట పుట్టి, అక్కడ ధరలు ఆకాశానికి పోయాయి. మందుల కంపెనీ తన తప్పులు సరిచేసుకుంది. షేరు పోయిన చోటు నుంచి లేచి, ఆమె కొన్న ధరను దాటి, చాలా పైకి వెళ్లింది. చిట్యాల తమ్ముడు తనవి అమ్మలేదు. లాభపడ్డాడు. ఆ లాభం అతన్ని మనశ్శాంతిగా ఉండనివ్వలేదు. "సార్, నేను చెప్పిందే నిజమైంది. గని అక్క ఎదురొస్తే నాకు తలెత్తబుద్ధి అయితలేదు" అన్నాడు ఒకసారి.

ఆఫీసులో లెక్కలు వేయడం వచ్చినవాళ్లు ఎక్కువ. ఆమె అమ్మకుండా ఉంటే ఎంత ఉండేది, ప్లాటు ఉంచుకుంటే ఎంత అయ్యేది అని ఆమె లేనప్పుడు లెక్కలు వేసేవారు. ఈ సంగతి ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఒకరోజు భోజనాలప్పుడు తానే అడిగారు.

"నాది ఎంత పోయిందో లెక్క జేసిన్రట గద. చెప్పున్రి, వింట."

ఒకాయన ధైర్యం చేసి చెప్పాడు. పెద్ద మొత్తమే. ఆమె విన్నారు. డబ్బా మూత పెట్టుకుంటూ, "గా పైసలు నాయి అనుకుంటాన్రు మీరు. అవి కాలేజోళ్లయి. నా దగ్గర కొన్ని రోజులు ఉన్నయి, పోయినయి" అని చేయి కడుక్కోవడానికి లేచారు.

ఆ సాయంత్రమే అనుకుంటాను, ఆమె చిట్యాల తమ్ముడి టేబుల్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ఫీజు గొడవ అయిపోయింది. ఇగ నా జీతంల మిగిలేది నాది. దానికి తొందర లేదు. షేర్లు ఎట్ల చూసి కొనాల్నో చెప్పు" అన్నారు. అతను ముందు వద్దన్నాడు. తాను ఇక ఎవరికీ చెప్పనన్నాడు. "నువ్వు చెప్పింది తప్పు గాదు తమ్మీ. నేను తెచ్చిన పైసలు తప్పు" అన్నారామె. ఆ మాటతో అతను కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు. ఆ తర్వాత నెలనెలా కొద్దికొద్దిగా కొనుక్కుంటూ పోయారు. ఒకసారి మార్కెట్ బాగా పడినప్పుడు అతను భయంగా ఆమె వైపు చూశాడు. ఆమె గంగారం టీచర్ల జీతాల బిల్లు సరిచూసుకుంటూ కూర్చున్నారు.

కూతురు చదువు పూర్తిచేసి వచ్చింది. విదేశంలో చదివినవాళ్లు ఇక్కడ రాయాల్సిన పరీక్ష మొదటిసారి తప్పింది, రెండోసారి గట్టెక్కింది. ఇప్పుడు భూపాలపల్లి దవాఖానలో పనిచేస్తోంది. మేడం జనగామకు బదిలీ చేయించుకున్నారు. చిట్యాల తమ్ముడు ప్రమోషన్ మీద మానుకోట వెళ్లాడు. రూపాయి మళ్లీ పడటం మొదలుపెట్టింది. టీ కొట్ల దగ్గర మళ్లీ అదే మాట.

నేను రిటైరయ్యాక నాకు రావలసిన డబ్బు కొంత ఆలస్యంగా చేతికొచ్చింది. ఎన్నడూ అంత డబ్బు ఒకేసారి చూడలేదు. దేంట్లో పెట్టాలో తోచక, జనగామ ఆఫీసుకు వెళ్లి మేడంను అడిగాను. ఆమె లేచి కుర్చీ వేసి, టీ తెప్పించి, కాసేపు ఇంటి సంగతులన్నీ అడిగారు.

"మీకు ఆ పైసలు ఎప్పుడు కావాలె సార్? ఎందుకు కావాలె?" అన్నారు.

పిల్లలు ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడ్డారు. ఇల్లుంది. పింఛను వస్తోంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ప్రతి బిల్లు మీదా ఎందుకోసమని అడిగినవాణ్ని, నా డబ్బు ఎందుకోసమో చెప్పలేకపోయాను. ఆలోచించి చెబుతానని లేచి వచ్చేశాను.

ఇంటికి వచ్చి నా భార్యతో అన్నాను, "మనకు పైసలు దేనికి కావాలె?"

ఆమె ఆలోచించలేదు. మెట్ల దగ్గర గోడ పట్టుకుని నిలబడి ఉంది. "మోకాళ్లకు" అంది. "రెండు మోకాళ్లు మార్పియ్యాలని డాక్టర్ చెప్పి ఎన్ని రోజులాయె. నీతోని చెప్తనే ఉన్న. నువ్వు రూపాయి పడ్డది, షేరు లేసింది అని చెప్పవడ్తివి. నేను ఊకున్న."

"ఎప్పుడు చేయించుకుంటవు?"

"బతుకమ్మ ఆడినంక. దసరా పోనియ్యి."

ఆ రాత్రి ఫోన్‌లో మొదటిసారి నేనొక ట్రెజరీ బిల్లు కొన్నాను. దసరా దాటిన వారానికి తారీఖు పడుతుంది. హనుమకొండ డాక్టరు ఫీజు రూపాయల్లోనే తీసుకుంటాడు.